పందెం గుర్రం – 9: ఎయింట్రీ కంచెలను దించిందెవరు?

2011 ఏప్రిల్ 9. ఇంగ్లండులోని లివర్‌పూల్ శివారు ఎయింట్రీ రేసుకోర్సులో గ్రాండ్ నేషనల్ పందెం రెండో చుట్టుకు చేరింది. గుర్రాలు గుంపుగా వచ్చి కంచెల మీదుగా ఎగురుతున్నాయి. అంతలో ఎన్నడూ లేని వింత జరిగింది. గుంపు గుంపంతా ఒక కంచెను దూకకుండా పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయింది. కాస్త దూరం పోయాక ఇంకో కంచె దగ్గరా అంతే. టీవీ కెమెరా ఆకాశం నుంచి చూపిస్తోంది. గుర్రాలు ఎందుకు పక్కకు మళ్లాయో కోట్లమంది ప్రేక్షకులకు ఒక్కసారిగా అర్థమైంది. కంచెల అవతల పచ్చిక మీద టార్పాలిన్లు కప్పిన రెండు ఆకారాలున్నాయి.

అవి ఒర్నే, డూనీస్ గేట్ అనే గుర్రాలు. మొదటి చుట్టులో పడి చనిపోయాయి. వాటిని తొలగించే వ్యవధి లేక నిర్వాహకులు ఆ రెండు కంచెలనూ మూసేశారు. అలా మూసే ఏర్పాటు 2009లోనే చేసుకున్నా, నేషనల్‌లో దాన్ని వాడాల్సి రావడం అదే మొదలు. ఆ పందెం గెలిచిన బాలాబ్రిగ్స్ కథ కూడా అంత సంబరంగా ముగియలేదు. ఎండ మండుతున్న రోజు కావడంతో గీత దాటగానే రౌతు జేసన్ మగ్వైర్ కిందికి దిగాల్సి వచ్చింది. గుర్రం మీద నీళ్లు కుమ్మరించి చల్లబరిచారు. కొరడా అతిగా వాడాడని మగ్వైర్‌కు ఐదు రోజుల నిషేధం కూడా పడింది.

గేటు బయట ప్లకార్డులు పట్టుకుని నిలబడేవాళ్లు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాటను ఆ కెమెరా కొన్ని సెకన్లలో చెప్పేసింది. ఇంగ్లీషు మేలుజాతి పందెం గుర్రం మూడు తూర్పుదేశపు పోతుల నుంచి ఎలా పుట్టుకొచ్చిందో గత సంచికల్లో చూశాం. ఆ గుర్రం తరఫున మాట్లాడినవాళ్లు పందేలను ఎంతవరకు మార్చగలిగారన్నది ఈ సంచిక విషయం. అందుకు ఎయింట్రీని మించిన చోటు లేదు. అక్కడి కంచెల ఎత్తు, వాలు, లోపలి కట్టె, ఆఖరికి పందెం మొదలయ్యే వేళ కూడా ఎవరో ఒకరి నిరసనకో, ఏదో ఒక గుర్రం చావుకో గుర్తుగా మిగిలినవే.

మొదట కాస్త వెనక్కి వెళ్లాలి. మూగజీవాలను హింసించడం నేరమని బ్రిటన్ పార్లమెంటు తొలిసారి చట్టం చేసింది 1822లో. దాని వెనక ఉన్నవాడు ఐర్లండ్‌లోని గాల్వేకి చెందిన రిచర్డ్ మార్టిన్. ద్వంద్వయుద్ధాల్లో పేరుమోసిన మనిషి. సాటి మనుషులతో తుపాకులు కాల్చుకోవడానికి వెనుకాడనివాడు గాడిద వీపు మీద దెబ్బ పడితే ఊరుకునేవాడు కాదు. గుర్రాలు, పశువులు, గొర్రెల వంటి జంతువులను కొట్టి హింసిస్తే జరిమానా వేసే ఆ చట్టాన్ని జనం ‘మార్టిన్ చట్టం’ అనే పిలిచారు. రెండేళ్ల తర్వాత, 1824లో, లండన్‌లోని ఒక కాఫీ హౌసులో ఆర్థర్ బ్రూమ్ అనే మతాచార్యుడు పిలిచిన సమావేశంలో జంతుహింస నివారణ సంఘం పుట్టింది. బానిస వ్యాపారం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ కూడా అందులో ఉన్నాడు. 1840లో విక్టోరియా రాణి అనుమతితో ఆ సంఘం పేరుకు ముందు ‘రాయల్’ చేరి, అది ఆర్‌ఎస్‌పీసీఏ అయింది.

1835లో ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొల్పే ఆటను, కోడిపందేలను బ్రిటన్ నిషేధించింది. నిషేధానికి గురైనవి ఎక్కువగా బీదాబిక్కీ పోగయ్యే ఆటలు. దొరలు, జమీందార్లు గుర్రాలు పెట్టి ఆడే పందేల జోలికి ఎవరూ పోలేదు. చట్టం చేసినవాళ్లలో చాలామందికి సొంత లాయాలుండేవి మరి. కోడికి దొరికిన రక్షణ గుర్రానికి దొరకకపోవడంలో జాలి కంటే హోదా పాత్రే పెద్దది.

గ్రాండ్ నేషనల్ మొదలైంది సరిగ్గా ఆ రోజుల్లోనే. లివర్‌పూల్‌లో వాటర్లూ హోటల్ నడిపే విలియం లిన్ 1829లో ఎయింట్రీ భూమిని కౌలుకు తీసుకుని పందేలు నిర్వహించడం ప్రారంభించాడు. నేషనల్ చరిత్రలో తొలి పందెంగా లెక్కపెట్టేది 1839 ఫిబ్రవరి 26 నాటిది. ఆ రోజు 17 గుర్రాలు పరుగెత్తాయి. దున్నిన పొలాలు, కాలువలు, పొదల కంచెలు, ఒక రాతి గోడ దాటుకుంటూ సాగిన పందెం అది. మార్టిన్ బెచర్ అనే కెప్టెన్ తన గుర్రం మీంచి ఒక వాగులో పడ్డాడు. మిగతా గుర్రాలన్నీ దాటేదాకా నీళ్లలోనే నక్కి కూర్చుని, విస్కీ కలపని నీళ్లు ఇంత చప్పగా ఉంటాయని తనకు ఇప్పుడే తెలిసిందని పైకొచ్చాక అన్నాడని కథ. ఆ చోటుకు ‘బెచర్స్ బ్రుక్’ అని పేరు స్థిరపడింది. కెప్టెన్ సంగతి నవ్వులాటగా మిగిలింది గానీ, అదే పందెంలో డిక్టేటర్ అనే గుర్రం చనిపోయింది. ఈ పందెం కోడిపందేలకు, ఎద్దుల హింసకు ఏమాత్రం తీసిపోదని ఒక లివర్‌పూల్ పత్రిక అప్పుడే విమర్శించింది. నిరసన కూడా పందెంతోపాటే పుట్టిందన్నమాట.

హైదరాబాద్ మలక్‌పేటలో రేసులు చూసేవారికి తెలిసినవి చదును మైదానం మీది పందేలు. ఎయింట్రీ అలాంటిది కాదు. నాలుగు మైళ్లకు పైబడిన దూరం, రెండు చుట్లు, 30 దూకుళ్లు. కొన్ని కంచెల దగ్గర దూకే వైపు నేల కంటే దిగే వైపు నేల పల్లంగా ఉంటుంది. పైనుంచి చూస్తే మామూలు కంచెలా కనిపించేది, దాటాక లోతు బయటపెడుతుంది. బెచర్స్ బ్రుక్‌కు భయంకరమైన పేరు తెచ్చింది ఆ పల్లమే. ఇదంతా పచ్చిక మీద, గుంపులో, గంటకు 30 మైళ్ల వేగంతో జరుగుతుంది. ఒక గుర్రం పడితే వెనక వచ్చేవి దాని మీద పడతాయి. కొన్ని రౌతును పడేసి ఖాళీ జీనుతోనే పరుగు సాగిస్తాయి.

తొలి వందేళ్లలో మార్పులు వచ్చినా వాటి వెనక జాలి కంటే గందరగోళమే ఎక్కువ కారణం. 1928లో ఈస్టర్ హీరో అనే గుర్రం మలుపు దగ్గరి కందకంలో ఇరుక్కుపోయి వెనకున్నవాటిని అడ్డుకుంది. 42 గుర్రాలతో మొదలైన పందెంలో పడకుండా చివరిదాకా నిలిచింది టిప్పెరరీ టిమ్ ఒక్కటే. ఆ కందకాన్ని తర్వాత పూడ్చారు. మరుసటి ఏడు ఏకంగా 66 గుర్రాలను వదిలారు. ప్రమాదం చూశాక సంఖ్య తగ్గించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

1954లో ఒక్క నేషనల్‌లోనే నాలుగు గుర్రాలు చనిపోయాయి. ఆ తర్వాతే విమర్శలకు పదును వచ్చింది. 1961లో కంచెల రూపు మార్చారు. అప్పటిదాకా నిటారుగా గోడల్లా ఉన్నవాటికి దూకే వైపు వాలు పెట్టారు. ఆ వాలు చూసి ఎక్కడ కాలు ఎత్తాలో గుర్రం అంచనా వేసుకోగలదు. అంతకు ముందు ఏడాదే, 1960లో, బీబీసీ ఈ పందేన్ని తొలిసారి టీవీలో ప్రత్యక్షంగా చూపింది. రెండూ పక్కపక్కనే జరగడం యాదృచ్ఛికం కావచ్చు. కానీ అక్కడి నుంచి పందెం రాత మారిపోయింది. రేసుకోర్సులో టిక్కెట్టు కొని నిలబడ్డవాడికి దూరంగా ఉన్న కంచె దగ్గర ఏం జరిగిందో తెలియదు. ఇంట్లో సోఫాలో కూర్చున్నవాడికి తెలుస్తుంది.

టీవీ మొదట పందేనికే మేలు చేసింది. 1973, 1974, 1977లలో మూడుసార్లు గెలిచిన రెడ్ రమ్ దేశమంతటికీ ఇంటి గుర్రమైపోయింది. ఏడాదంతా రేసుల ఊసెత్తని అవ్వలు, పిల్లలు కూడా ఆ ఒక్క రోజు పేర్ల చీటీలు తీసి పందెం కాసే అలవాటు పాకింది. నేషనల్ పండుగ అయింది. పండుగ కావడంతోనే చిక్కు కూడా మొదలైంది. ఏడాదికోసారి మాత్రమే చూసేవాడికి గుర్రం పడటం అలవాటైన విషయం కాదు. పందేల రంగంలో పుట్టి పెరిగినవాళ్లు ‘ఇది ఆటలో భాగం’ అని దాటేసేదాన్ని అతను దాటేయలేడు.

1987లో డార్క్ ఐవీ అనే బూడిదరంగు గుర్రం బెచర్స్ దగ్గర చనిపోయింది. 1989లో అదే చోట సీఆన్‌డెమ్, బ్రౌన్ ట్రిక్స్ చనిపోయాయి. ఈసారి గగ్గోలు పెద్దదైంది. ఆర్‌ఎస్‌పీసీఏ, పత్రికలు, పార్లమెంటు సభ్యులు అందరూ అడిగారు. 150 ఏళ్ల నాటి వాగును కదిలించక తప్పలేదు. దిగే వైపు ఏటవాలును చదును చేశారు, పడిన గుర్రం వెనక్కి దొర్లి వాగులో పడకుండా వాగును చాలావరకు పూడ్చారు. బెచర్స్‌ను ముట్టుకుంటే నేషనల్ నేషనల్ కాదని పాతకాపులు మండిపడ్డారు.

వాళ్ల కోపంలో ఒక సాంకేతికమైన వాదన కూడా ఉంది. భయపెట్టే కంచె ముందు గుర్రమూ రౌతూ ఇద్దరూ వేగం తగ్గిస్తారు. కంచె తేలికైతే వేగం పెరుగుతుంది. వేగం మీద పడితే దెబ్బ ఎక్కువ. 1990లో, వాగు పూడ్చిన మరుసటి ఏడు, మిస్టర్ ఫ్రిస్క్ 8 నిమిషాల 47.8 సెకన్లలో గీత దాటి రికార్డు సృష్టించింది. నేల గట్టిగా ఉండటం అందుకు పెద్ద కారణమే అయినా, ఆ అంకె ఈ వాదనకు ఊతమిచ్చింది. తర్వాతి ముప్పై ఏళ్లూ సంస్కర్తలను వెంటాడిన చిక్కుముడి ఇదే. ఒక ప్రమాదాన్ని చూసి చేసిన మరమ్మతు ఇంకో రకం ప్రమాదానికి తలుపు తీయొచ్చు. ఈ వాదన పూర్తిగా తప్పు కాదు. కానీ దాన్ని వినిపించినవాళ్లలో చాలామంది వేగం తగ్గించే ఉపాయం మాత్రం చెప్పలేదు, ఏమీ మార్చొద్దనే చెప్పారు.

గుర్రం కాలు విరిగితే ఎందుకు చంపేస్తారన్న ప్రశ్న చాలామందికి వస్తుంది. పందెం గుర్రం బరువు దాదాపు 500 కిలోలు. ఆ బరువంతా మోసేది కింద కండ లేని, ఎముకా స్నాయువులే ఉన్న సన్నని కాళ్లు. వేగంలో విరిగిన ఎముక రెండు ముక్కలు కాదు, తరచు పిండిపిండి అవుతుంది. మనిషిలా నెలల తరబడి గుర్రాన్ని పడుకోబెట్టడం కుదరదు. విరిగిన కాలు మోపకపోతే బరువు మిగతా కాళ్ల మీద పడి, ఆ గిట్టల లోపలి పొర వాచి ఊడిపోయే జబ్బు వస్తుంది. అమెరికాలో 2006 కెంటకీ డెర్బీ గెలిచిన బార్బారో రెండు వారాలకే మరో పందెంలో కాలు విరగ్గొట్టుకుంది. డబ్బుకు వెనుకాడకుండా పెద్ద పశువైద్యులు ఎనిమిది నెలలు చికిత్స చేశారు. విరిగిన కాలు నయమవుతూ వచ్చినా, మిగతా గిట్టలకు ఆ జబ్బు సోకి 2007 జనవరి 29న దానికి మరణాన్ని ప్రసాదించక తప్పలేదు. ఎయింట్రీలో పడ్డ గుర్రం చుట్టూ పచ్చటి తెరలు కట్టేది ఆ పని చూసేవారికి కనబడకూడదనే.

ఇక 1993. ఆ ఏడాది ఏప్రిల్ 3న మొదటి కంచె దగ్గరికి కొందరు నిరసనకారులు చొరబడటంతో పందెం ఆలస్యంగా మొదలైంది. ఎయింట్రీ మైదానంలోకి ఉద్యమం నేరుగా అడుగుపెట్టిన రోజది. కానీ ఆ తర్వాత జరిగిన రభస ముందు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 39 గుర్రాలు సిద్ధంగా ఉన్నాయి. ఆరంభ గీత దగ్గర అడ్డంగా కట్టే తాడు సరిగా లేవక మొదటిసారి వెనక్కి పిలిచారు. రెండోసారి ఆ తాడు ఒక రౌతు మెడకు చుట్టుకుంది. మళ్లీ వెనక్కి పిలవడానికి స్టార్టర్ ఎత్తిన ఎర్రజెండా విచ్చుకోలేదు. 30 గుర్రాలు పరుగెత్తుకుపోయాయి. దారిలో చేతులూపి ఆపబోయినవాళ్లను చూసి, వాళ్లూ నిరసనకారులే కాబోలనుకున్నామని కొందరు రౌతులు తర్వాత చెప్పారు. రెండు చుట్లూ పూర్తి చేసి ఈషా నెస్ మొదట గీత దాటింది. రౌతు జాన్ వైట్‌కు అప్పుడు తెలిసింది, పందెం చెల్లదని. దాదాపు 75 మిలియన్ పౌండ్ల పందెం డబ్బు వెనక్కి ఇచ్చేశారు. దేశమంతా వారం రోజులు ఆ తాడు గురించి, జెండా గురించే మాట్లాడుకుంది. గుర్రాల గురించి కాదు.

మన దగ్గర ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది’ అంటారు. పందేల లోకమంతా ఆ నమ్మకం మీదే నడిచింది. కొరడా లేనిదే పరుగు లేదు. నార్వే 1982లోనే పందెంలో కొరడాతో కొట్టడాన్ని నిషేధించి, ఆ తర్వాత కూడా పందేలు జరుపుకుంటూనే ఉంది. బ్రిటన్ అంత దూరం పోలేదు. అక్కడ ఆర్‌ఎస్‌పీసీఏ వేరే దారి పట్టింది. నిషేధం అడుగుతూనే, ఉన్న కొరడాను మెత్తబరిచే పనిలో రేసింగ్ పెద్దలతో కలిసి కూర్చుంది. జిమ్ మాహన్ అనే మాజీ రౌతు తయారుచేసిన ‘ప్రో-కుష్’ అనే మెత్తటి పొరల కొరడా అలా వాడుకలోకి వచ్చింది.

ఆ కొరడా పేరు మన దేశపు గెజెట్‌లో కూడా ఉందంటే చాలామంది నమ్మరు. రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టడంతో వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద, 2001లో కేంద్రం ప్రదర్శన జంతువుల రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. గాలిపొర ఉన్న మెత్తటి కొరడాలే వాడాలి, ఉదాహరణకు ప్రో-కుష్ లాంటివి, అని అందులో రాశారు. ఒక పందెంలో మూడుసార్లకు మించి కొట్టకూడదు. చెయ్యి భుజం కంటే పైకి లేవకూడదు. కాగితం మీద చూస్తే ఇవి బ్రిటన్ నియమాల కంటే కఠినమైనవి. కాగితం దాటి మైదానంలోకి ఎంతవరకు వచ్చాయన్నది వేరే అధ్యాయం అవుతుంది.

బ్రిటన్‌లో దెబ్బల లెక్క కుదరడానికి 2011 దాకా పట్టింది. బాలాబ్రిగ్స్ గెలుపు మీద చెలరేగిన దుమారం చల్లారకముందే, ఆ అక్టోబరులో బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ కొత్త నియమం తెచ్చింది. చదును పందెంలో ఏడు దెబ్బలు, కంచెల పందెంలో ఎనిమిది. మించితే రౌతుకు వచ్చే బహుమతి డబ్బు పోతుంది. నియమం వచ్చిన వారంలోపే క్రిస్టోఫ్ సుమియోన్ అనే రౌతు పెద్ద పందెం ఒకటి గెలిచి, చివరి ఫర్లాంగులో ఒక్క దెబ్బ ఎక్కువ వేసినందుకు దాదాపు 50,000 పౌండ్లు పోగొట్టుకున్నాడు. రౌతులు సమ్మె చేస్తామన్నారు. నియమాన్ని కొంత సడలించారు. 2023లో మళ్లీ బిగించి, దెబ్బలను చదును పందెంలో ఆరుకు, కంచెల పందెంలో ఏడుకు తగ్గించారు. పరిమితికి మించి నాలుగు దెబ్బలు పడితే ఇప్పుడు గుర్రమే పోటీ నుంచి తొలగిపోతుంది. డబ్బు పెట్టిన యజమానికి నొప్పి తగిలే నియమం ఇదొక్కటే.

ఆర్‌ఎస్‌పీసీఏ లోపల కూర్చుని మాట్లాడుతుండగా, యానిమల్ ఎయిడ్ అనే సంస్థ బయట నిలబడి లెక్కలు రాయడం మొదలుపెట్టింది. 1977లో పుట్టిన ఆ సంస్థకు పందేలను బాగుచేయాలన్న ఉద్దేశం లేదు, ఆపాలన్నదే కోరిక. 2007లో ‘రేస్ హార్స్ డెత్ వాచ్’ పేరుతో బ్రిటన్ మైదానాల్లో చనిపోయే ప్రతి గుర్రం పేరు, తేదీ, చోటు నమోదు చేసి అందరికీ కనబడేలా పెట్టసాగింది. ఏటా దాదాపు 200 చావులు. రేసింగ్ అథారిటీ లెక్కలో అది మొత్తం పరుగుల్లో 0.2 శాతం. రెండూ నిజమే. ఒకరు శాతాలు చెబుతారు, మరొకరు పేర్లు చెబుతారు. పేర్ల జాబితాకు ఉన్న బలం శాతానికి ఎప్పుడూ రాలేదు. కొత్త చావు గురించి వార్త రాసే విలేకరి తెరిచేది ఆ జాబితానే.

2012 నేషనల్ ముందు కొన్ని కంచెలను సవరించారు. బెచర్స్ దిగే వైపు నేలను నాలుగైదు అంగుళాలు ఎత్తు చేశారు. అయినా ఆ ఏడు కూడా రెండు గుర్రాలు పోయాయి. ఒకటి, అదే ఏడాది చెల్టన్‌హామ్ గోల్డ్ కప్ గెలిచి వచ్చిన సింక్రనైజ్డ్. బెచర్స్ దగ్గర రౌతును పడేసి, ఒంటరిగా పరుగెత్తుతూ వెళ్లి మరో కంచె దగ్గర కాలు విరగ్గొట్టుకుంది. రెండోది అకార్డింగ్ టు పీట్. నెప్ట్యూన్ కొలోంజ్ ముక్కు తేడాతో గెలిచింది. నేషనల్ చరిత్రలో అంత దగ్గరి ముగింపు లేదు, అయినా మర్నాటి పత్రికల్లో ఆ గెలుపుకు చోటు తక్కువే దక్కింది.

2013లో అసలు మార్పు జరిగింది. కంచెలకు పైన పచ్చని కొమ్మలు కప్పినా, వాటి లోపల దన్నుగా ఉన్నవి గట్టి కర్ర దిమ్మెలు. గుర్రం వాటిని తాకితే అవి కదలవు, గుర్రమే తలకిందులవుతుంది. ఆ దిమ్మెలు తీసేసి వంగే ప్లాస్టిక్ పుల్లలు పెట్టారు. మొదలయ్యే చోటును కేకలు వేసే జనానికి దూరంగా 90 గజాలు ముందుకు జరిపారు. పైకి కనిపించేది అదే కంచె, లోపల వేరే కంచె. టీవీలో చూసేవాడికి తేడా తెలియకుండా గుర్రానికి తెలిసేలా చేసిన ఈ మార్పు, ఎయింట్రీ రెండు శతాబ్దాల చరిత్రలో అన్నిటికంటే తెలివైనదని చెప్పొచ్చు. 2013 నుంచి 2018 దాకా వరుసగా ఆరేళ్లు నేషనల్‌లో ఒక్క గుర్రమూ చనిపోలేదు. 2019లో మొదటి కంచె దగ్గరే అప్ ఫర్ రివ్యూ పోయింది. 2021లో ఒకటి, 2022లో రెండు.

ఈ మధ్యలో చర్చ మైదానం దాటి ఇంకో చోటుకు పాకింది. పరుగు ఆగిపోయిన గుర్రం ఏమవుతుంది? 2021 జులైలో బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమం, యానిమల్ ఎయిడ్ రహస్యంగా తీసిన చిత్రాలతో కబేళా లోపలిని చూపింది. 2019 నుంచి బ్రిటన్, ఐర్లండ్‌లలో దాదాపు 4,000 మాజీ పందెం గుర్రాలను మాంసానికి కోశారని చెప్పింది. కొన్ని నెలల్లోనే కొత్త నియమం వచ్చింది. 2022 జనవరి నుంచి బ్రిటన్‌లో పరుగెత్తే ప్రతి గుర్రాన్నీ మనుషుల ఆహారానికి పనికిరానిదిగా ముందే నమోదు చేయాలి. గుర్రం కంచె మీద పడి చావడం కంటే, గెలిచి రిటైరయ్యాక కబేళాకు పోవడమే ప్రజలను ఎక్కువ కలచివేసిందేమో. రేసింగ్ పెద్దలు దీనికి స్పందించినంత వేగంగా మరి దేనికీ స్పందించలేదు.

2023 ఏప్రిల్ 15న గ్రాండ్ నేషనల్‌కు ముందు ‘యానిమల్ రైజింగ్’ అనే జంతుహక్కుల సంస్థ కార్యకర్తలు కంచెలెక్కి మైదానంలోకి దూకారు. 118 మందిని పోలీసులు అరెస్టు చేశారు. పందెం దాదాపు పావుగంట ఆలస్యమైంది. మొదలైన కొద్దిసేపటికే మొదటి కంచె దగ్గర హిల్ సిక్స్‌టీన్ అనే గుర్రం పడి చనిపోయింది. దాని శిక్షకుడు శాండీ థామ్సన్ నిరసనకారులనే తప్పుపట్టాడు. ఆలస్యంతో గుర్రం బెదిరిందని, అందుకే దారి తప్పిందని అన్నాడు. కార్యకర్తలు పందేన్నే తప్పుపట్టారు. ఆ మూడు రోజుల ఎయింట్రీ పండుగలో అప్పటికే రెండు గుర్రాలు చనిపోయాయి, అవి నిరసన వల్ల చనిపోలేదు కదా అన్నారు. ఆరంభ గీత దగ్గర ఎక్కువసేపు నిలబెడితే గుర్రాలు చెమటలు పట్టి కంగారుపడతాయన్నది నిజమే. హిల్ సిక్స్‌టీన్ ఆ కారణంతోనే పడిందని తేల్చిచెప్పడం మాత్రం ఎవరి వల్లా కాదు. మైదానంలోకి దూకడం వల్ల జనాల దృష్టి గుర్రం మీంచి మళ్లీ మనుషుల మీదికి మళ్లిందన్నది ఇంకా నిజం. 1993లో తాడు చేసిన పనే ఇక్కడా జరిగింది.

ఆ జూన్‌లో ఎప్సమ్ డెర్బీకి, ఆ రేసుకోర్సు నడిపే జాకీ క్లబ్ హైకోర్టు నుంచి ముందుగానే నిషేధాజ్ఞ తెచ్చుకుంది. అయినా పందెం మొదలవుతుండగా ఒక కార్యకర్త ట్రాక్ మీదికి పరుగెత్తాడు. పోలీసులు లాక్కుపోయారు. మహిళలకు ఓటుహక్కు కోసం ఎమిలీ డేవిసన్ అదే ఎప్సమ్‌లో రాజుగారి గుర్రానికి అడ్డుపడి ప్రాణాలు వదిలిన 1913 నుంచి చూస్తే 110 ఏళ్లు. ఆమె పోరాటం గుర్రం కోసం కాదు. కానీ దేశమంతా కళ్లప్పగించి చూసే రెండు మూడు నిమిషాల విలువ ఉద్యమాలకు అప్పటి నుంచే తెలుసు.

2023 అక్టోబరులో ఎయింట్రీ ప్రకటించిన మార్పుల చిట్టా మునుపెన్నడూ లేనంత పొడవుగా ఉంది. గుర్రాల సంఖ్య 40 నుంచి 34కు తగ్గింది. మొదటి కంచెను ఆరంభ గీతకు 60 గజాలు దగ్గరికి తెచ్చారు. ఎక్కువ దూరం దొరికితే గుర్రాలు ఊపందుకుని మొదటి కంచె మీద పడుతున్నాయి గనుక. ఉరుకుతూ కాకుండా నిలబడి మొదలవ్వాలన్నారు. 11వ కంచెను రెండు అంగుళాలు దించారు. పోటీకి కావలసిన కనీస అర్హతను పెంచారు. సాయంత్రం 5.15కు జరిగేదాన్ని 4 గంటలకు మార్చారు. 1990ల నుంచి వినవస్తున్న ‘వేగమే ముప్పు’ అన్న వాదనకు మొదటిసారి అసలైన జవాబు దొరికింది. కంచెల కంటే ఎక్కువగా వేగాన్ని తగ్గించారు. దాన్ని నిరసన వల్ల చేయలేదనే నిర్వాహకులు చెప్పారు. నమ్మడం కొంచెం కష్టమే. యానిమల్ రైజింగ్ మాత్రం 2024 నేషనల్‌ను అడ్డుకోబోమని ముందే ప్రకటించింది.

ఆ ఏడు 32 గుర్రాలు పరుగెత్తాయి. ఒక్కటీ కంచె మీద పడలేదు. నలుగురు రౌతులు మాత్రం జీను మీంచి జారిపడ్డారు. 21 గుర్రాలు గీత దాటాయి, ఐ యామ్ మాగ్జిమస్ గెలిచింది. మరుసటి ఏడాది, 2025లో, 13 ఏళ్ల సెలెబ్ర్ దాలెన్ చివరి కంచెలదాకా ముందు వరుసలో పరుగెత్తి, అలసిపోయి, పందెం అయ్యాక మైదానంలో కుప్పకూలింది. మూడు రోజులకు చనిపోయింది. అలసిన గుర్రాన్ని ఆపకుండా నడిపినందుకు దాని రౌతుకు పది రోజుల నిషేధం వేశారు. కంచె మీద పడకపోయినా గుర్రం పోవచ్చని ఆ వారం కొత్త చర్చ మొదలైంది. వయసు పరిమితి పెట్టాలా, అలసిన గుర్రాన్ని ఆపే అధికారం రౌతుకు కాక ఇంకెవరికైనా ఇవ్వాలా అని.

కంచెలే లేని పందేల్లో గుర్రాలు చనిపోతే ఏం చేయాలి? 2018 డిసెంబరు చివర నుంచి మూడు నెలల్లో ఇరవైకి పైగా గుర్రాలు చనిపోయి, పందేలనే ఆపేయాల్సి వచ్చిన కాలిఫోర్నియా రేసుకోర్సు శాంటా అనీటా, ఆ తర్వాత అమెరికా దేశమంతటికీ ఒకే రేసింగ్ చట్టం వచ్చిన తీరు వచ్చే సంచికలో.